తొమ్మిదిమందికి ఎనిమిది గొంతులు

లేఫాగా వాళ్ళింట్లో అందరికన్నా ముందు లేచేది సెము. రాళ్ళు కాల్చి, వాటి మీద చేమదుంపలూ సీమపనస కాయలూ పేర్చి, పైన అరటాకులు కప్పి, కోకో కాచి కుండలో పోసి పెట్టి, అప్పుడు గునపం భుజాన వేసుకుని కొండ మీది చేనికి పోయేవాడు. ఇల్లరికపు అల్లుడు మరి. ఇల్లరికం ఏ దీవిలోనైనా ఒకటే, చెయ్యి కడుక్కోకముందే ఇంకో పని చెబుతారు. సెము మాత్రం పన్నెండేళ్ళుగా కిమ్మనకుండా చేసుకుపోతున్నాడు.

ఆయన కొండెక్కి, ఒంటరిగా మాటాపలుకూ లేకుండా దుంపలు తవ్వడం మొదలుపెట్టాడో లేదో, కింద ఇంట్లో పదేళ్ళ మటలేనాకు మాట వచ్చేది.

"అమ్మా, నా బడి లంగా ఎక్కడ పెట్టావే?" అనేది సెము గొంతుతో. ముతకగా, పొయ్యి పొగ పట్టిన గొంతు.

"తాడు మీదుంది చూడు," అనేది తల్లి లూపే, ఇటు తిరక్కుండానే.

ఇదేం విడ్డూరమని ఆ ఊళ్ళో ఎవరూ అనుకోలేదు. ఆ ఇంట్లో మనుషులు తొమ్మిదిమంది, గొంతులు ఎనిమిది. ఇంటిపెద్ద లేఫాగాకు ఒకటి, ముసలమ్మ తూలీకి ఒకటి, కొడుకు ఇసాకోకు, కోడలు సెలాకు, వాళ్ళ మగపిల్లలిద్దరికీ, కూతురు లూపేకు, అల్లుడు సెముకు. లూపే కూతురు అందరికన్నా ఆఖర్న పుట్టింది, అప్పటికి అయిపోయాయి. చివరి బంతిలో కూర్చున్నవాళ్ళకు కూర అందనట్టే. దానికి ఎవరిని తిట్టుకుంటాం?

పద్ధతి మాత్రం తేలికే. ఇంట్లో ఎవరు నోరు మూసుకుంటే వాళ్ళ గొంతు మటలేనాది. వాళ్ళు నోరు తెరిచారా, మళ్ళీ వాళ్ళది. ఇరుగుపొరుగుకు ఇది అలవాటైపోయింది. దారిలో ఎదురైనప్పుడు పిల్ల తాత గొంతుతో పలకరిస్తే, "ఓహో, మీ తాత పడుకున్నాడా? అయితే సాయంత్రం వస్తాలే," అని వెనక్కి తిరిగిపోయేవాళ్ళు. బళ్ళో పాఠం అప్పజెబుతుంటే మధ్యలో మాట తెగిపోయేది. "మీ అమ్మమ్మ లేచినట్టుంది, కూర్చోవే. ఆవిడ మళ్ళీ కునుకు తీశాక మిగతాది చెబుదువుగాని," అనేది పంతులమ్మ.

ఒకసారి చేలో తండ్రి పక్కన కూర్చుని, తల్లి గొంతుతో అడిగింది. "నాన్నా, నాకంటూ ఉంటే ఎలా ఉండేదంటావ్?"

సెము దుంపకున్న మట్టి దులుపుతూ నవ్వాడు. "నీకేం తల్లీ, ఎనిమిది ఉన్నాయి. నన్ను చూడు, ఒక్కటే. అదీ మీ తాత ముందు సగమే వాడతాను."

అది నిజమే. మామగారి ముందు సెము గొంతు ఎప్పుడూ సగమే. వంశపెద్దగా పట్టం ఉన్నవాడి ఎదుట పట్టం లేనివాడు, అందులోనూ సముద్రం అవతలి దీవి నించి పెళ్ళాం వెంట వచ్చినవాడు, గొంతెత్తకూడదు. ఇసాకో సంగతి వేరు. తండ్రి తర్వాత లేఫాగా పట్టం అతనిదే. వచ్చే నెలలోనే ముహూర్తం. గుడిలో పెద్దరికం చేస్తాడు, కీర్తనలు అందుకుంటే గుడి కప్పు కదిలిపోతుంది. శుక్రవారం సాయంత్రాలు మాత్రం ఊరి పొలిమేర దాటి, పంచాయతీ కట్టుబాటు చెల్లని చోట, స్నేహితుడి కొట్టు వెనక కూర్చుని బీరు తాగుతాడు. ఊరందరికీ తెలుసు. ఊరందరికీ తెలిసింది ఎవరూ ఎత్తరు.

ఆ శుక్రవారం ఇసాకో దూరపు తోట నించి కొబ్బరికాయలు తేవడానికి పికప్ బండి తీశాడు. కాయలు ఏరి వెయ్యడానికి మటలేనాను వెంటబెట్టుకెళ్ళాడు. తిరిగొచ్చేటప్పుడు కొట్టు దగ్గర ఆపాడు. పిల్ల బండి వెనక కొబ్బరికాయల మీద కూర్చుని, లోపలి నవ్వులు వింటూ, ఒక కాయ అరిగేదాకా గోటితో గీకింది. ఎండ వాలిపోయింది. అప్పుడు వచ్చి బండెక్కాడు మహానుభావుడు. ఎక్కేటప్పుడు ఒక చెప్పు కింద పడిపోయింది, చూసుకోలేదు.

పక్క ఊరు సాలేఫూసి మలుపులో, సముద్రం వైపు అంచున, తెల్లబట్టలు కట్టుకున్న ఒకావిడ నడుస్తోంది. చేతిలో పాటల పుస్తకం. శుక్రవారం పాటల అభ్యాసం ఉంటుంది గుళ్ళో. బండి మలుపు తిరగలేదు, ఆవిడ మీదికే పోయింది. చప్పుడు పెద్దగా ఏం రాలేదు. రెండు కొబ్బరికాయలు దొర్లి రోడ్డు మీద పడ్డాయి.

ఇసాకో దిగాడు. వెళ్ళి చూశాడు. మటలేనా కూడా లేచి నిలబడి చూసింది. ఆవిడ చెయ్యి కదిలింది. వేళ్ళు ముడుచుకుని, మళ్ళీ తెరుచుకున్నాయి, ఎవరినో పిలిచినట్టు. ఇసాకో కాసేపు అక్కడే నిలబడి, అటూ ఇటూ చూసి, బండి దగ్గరికి వచ్చాడు. ఎక్కబోతూ వెనక్కి తల తిప్పాడు.

"చూశావా?"

ఆ వేళకు ఇంటిదగ్గర ముసలమ్మ తూలీ కునుకు తీస్తున్నట్టుంది. మటలేనా నోట ఆవిడ గొంతే వచ్చింది. "చూశాను."

కన్నతల్లి గొంతు వినేసరికి ఇసాకో "అమ్మా..." అనేశాడు. తర్వాత తలుపు పట్టుకుని ఎలాగో లోపలికి ఎక్కి, ఇంటిదాకా దీపాలు వెయ్యకుండా నడిపాడు.

ప్రార్థన వేళ శంఖం ఊదారు. ఊరంతా ఇళ్ళల్లో కూర్చుంది. లేఫాగా ఇంట్లో ప్రార్థన అయ్యాక ఎవరూ లేవలేదు. ఇసాకో చెప్పాల్సింది చెప్పేశాడు. గోడల్లేని ఇల్లు, నాలుగు పక్కలా కొబ్బరాకు తెరలు దింపేశారు.

"బండి మనదని తెల్లారేలోగా తెలిసిపోతుంది," అన్నాడు ముసలి లేఫాగా. "ఎర్ర బండి ఈ వైపు ఇంకోటి లేదు. నడిపిందెవరన్నదే తేలాలి. ఎవరైనా చూశారా?"

"ఎవరూ లేరు," అన్నాడు ఇసాకో. తర్వాత మటలేనా కూర్చున్న వైపు గడ్డం చూపించాడు. "ఇది తప్ప."

"మన పిల్లేగా," అన్నాడు ముసలాయన. తర్వాత చాలాసేపు కర్రతో చాప అంచు సర్దుతూ కూర్చున్నాడు. "వచ్చే నెల పట్టం. నువ్వు జైలుకు పోతే పట్టం మా తమ్ముడి కొడుకులకు పోతుంది. వాళ్ళు మనల్ని ఈ నేల మీద ఒక్క పూట ఉండనివ్వరు. ఇంతమందిమి ఎక్కడికి పోతాం?"

ఎవరూ సెము వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి అందరూ అంత కష్టపడుతుంటే ఎవరికి అర్థం కాదు?

సెము గొంతు సవరించుకున్నాడు. ఎప్పట్లాగే సగం గొంతుతో అన్నాడు. "నేనే నడిపానని చెబుతా మావా. నాకు పోయే పట్టమేముంది."

"ఎన్నేళ్ళు వేస్తారో..." అంది సెలా, ఎవరినీ ఉద్దేశించకుండా.

"అయిదారేళ్ళు," అన్నాడు ఇసాకో నేల చూస్తూ. "నువ్వు తాగలేదు గనక నీకు తక్కువే వేస్తారు బావా."

ఆ మాటనడానికి నోరెలా వచ్చిందో! సెము మాత్రం తలూపాడు, ఎవరో దారి చెబితే విన్నట్టు. "సేవ చేసినవాడికే ఓనాటికి పెత్తనం దక్కుతుందని మీరే అంటారుగా మావా. పెత్తనం నాకొద్దు. పిల్లను చదువు మాన్పించకండి, చాలు."

"అన్నయ్యా," అంది లూపే.

ఆ ఒక్క మాటే. ఆ దీవుల్లో అన్నదమ్ములకు ఆడపడుచు కంటిపాప. ఆమె నొచ్చుకుంటే అన్న కళ్ళు పోతాయని పెద్దలు బెదిరిస్తారు. 'వద్దు బావా, నేనే పోతాను' అని అన్న నోటి వెంట వస్తుందేమోనని లూపే అతని ముఖం వంకే చూస్తూ కూర్చుంది. ఇసాకో తల ఎత్తలేదు. లూపే నోరు మూసుకుంది.

మూసుకోగానే ఆమె గొంతు మటలేనాకు వచ్చేసింది. "మావయ్య కదా నడి..."

"నోర్ముయ్!" అంది లూపే ఉలిక్కిపడి. గొంతు మళ్ళీ తల్లికి పోయింది.

పిల్ల ఆగలేదు. ముసలమ్మ ఊరికే కూర్చుని ఉంది, ఆవిడ గొంతు అందుకుంది. "ఆవిడ చెయ్యి కదిలింది తాతా, ఇంకా..." తూలీ గబగబా ప్రార్థన మొదలుపెట్టింది. పిల్ల మాట మళ్ళీ మధ్యలోనే తెగింది.

అప్పటికి ముసలాయనకు విషయం బోధపడింది. అదే సమయానికి బయట గులకరాళ్ళ మీద చెప్పుల చప్పుడైంది. పాదిరిగారు వస్తున్నాడు.

"మాట్లాడండి," అన్నాడు లేఫాగా గొంతు తగ్గించి. "అందరూ. ఆయన వెళ్ళేదాకా ఒక్కరు కూడా ఆపడానికి వీల్లేదు."

పాదిరిగారు తెర ఎత్తి లోపలికి వచ్చేసరికి ఇల్లు సంతలా ఉంది. ముసలాయన వంశం పేర్లు మొదటినించీ చదువుతున్నాడు. తూలీ ఆయాసపడుతూ కీర్తనల పుస్తకం కంఠతా చెబుతోంది. ఇసాకో కళ్ళు మూసుకుని పాడుతున్నాడు. సెలా పిల్లలిద్దరి వీపూ గిల్లుతుంటే వాళ్ళు ఎక్కాలు అప్పజెబుతున్నారు, సెలా వాళ్ళను తిడుతూనే ఉంది. లూపే ఏడుస్తూ ఏదో అంటోంది, ఏమంటోందో ఆమెకే తెలియదు.

సెము కూడా. కూతురి కళ్ళలోకి చూస్తూ, చేమల పేర్లు వరసగా చెప్పుకుపోతున్నాడు. ఎర్రకాడ చేమ, తెల్లకాడ చేమ, బురద చేమ, రాతి చేమ. ఒక్కసారి ఊపిరి తీసుకోవడానికి ఆగితే ఆ గొంతు పిల్లకు వస్తుందని తెలుసు. ఊపిరి కూడా మాటల మధ్యే తీశాడు. మటలేనాకు అన్నిటికన్నా అది నొప్పనిపించింది. నువ్వు కూడానా నాన్నా అనుకుంది. అనుకోవడమే, అనడానికి ఏదీ ఖాళీ లేదు.

పాదిరిగారు ముఖం దించుకున్నాడు. ఇంటిల్లిపాదీ ఇంత మొర పెట్టుకోవడం ఆయన ఎన్నడూ చూడలేదు. ఆ గోల మధ్యలో వంగి ముసలాయన చెవిలో చెప్పాడు. "ఎసెతా పోయింది. సాలేఫూసి తనియేలు భార్య. ఇద్దరు పిల్లలు. దారినపోయేవాళ్ళు చూసి ఎత్తేసరికే ఆలస్యమైపోయిందట." తల మీద చెయ్యి పెట్టి దీవించి వెళ్ళిపోయాడు. వెళ్ళాక కూడా కాసేపు ఎవరికీ ఆపడానికి ధైర్యం చాల్లేదు.

"తెల్లారకముందే ఇఫోగాకు వెళ్తున్నాం, చాప కప్పుకుని వాళ్ళ గుమ్మం ముందు తల వంచడానికి," అన్నాడు లేఫాగా చివరికి. "లేకపోతే వాళ్ళే కత్తులు పట్టుకుని వస్తారు. అక్కణ్ణించి సెము పోలీసుల దగ్గరికి పోతాడు."

"మరి ఈ పిల్ల సంగతేంటి మావయ్యా?" అంది సెలా. "ఇంట్లో వదిలేసి పోదామా?"

"ఇంట్లో వదిలితే పాదిరి మళ్ళీ వస్తాడు. మనతోనే రానీ." ముసలాయన కర్రతో నేల మీద కొట్టాడు. "ఇఫోగాలో కూర్చున్నవాడు నోరు విప్పడు. మా తాత విప్పలేదు, వాళ్ళ తాత విప్పలేదు. మన రక్తమైతే ఇదీ విప్పదు."

ముసలాయన లెక్క అక్కడే తప్పింది. ఇఫోగాలో నోరు విప్పకూడదన్న కట్టుబాటు అందరికీ వర్తిస్తుంది. అంటే ఎనిమిది గొంతులూ ఒకేసారి ఖాళీ అవుతాయి. పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్ల మేలుకుని ఉండగా అలాంటి గడియ ఎన్నడూ రాలేదు. జీవితమంతా కట్టుబాట్లతో గడిపినవాడికి ఆ సంగతి తట్టలేదు.

తొలికోడి కూశాక బయల్దేరారు. మగవాళ్ళు కట్టెలు మోశారు, ఆడవాళ్ళు పొయ్యి రాళ్ళు, పిల్లలు అరటాకులు. మా తప్పుకు మమ్మల్నే కాల్చుకు తినండి అని చెప్పడానికి అవి తీసుకెళ్ళాలి. మటలేనా ఆకులు మోసింది. దారిలో మలుపు దగ్గర నిన్నటి కొబ్బరికాయ ఒకటి రోడ్డు పక్కన అలాగే ఉంది. అందరూ చూశారు, ఎవరూ ఆగలేదు.

తనియేలు ఇంట్లో దీపాలు వెలుగుతున్నాయి. చాపల మధ్య ఎసెతాను పడుకోబెట్టి ఉన్నారు. లేఫాగా, సెము ఇంటిముందు గులకరాళ్ళ మీద కూర్చుని తలలు వంచారు. ఇద్దరి మీదా కలిపి, ఇంట్లోకెల్లా పాతదీ మెత్తనిదీ అయిన మొగలి చాప కప్పారు. మిగతావాళ్ళు వాళ్ళ వెనక తలలు వంచుకుని కూర్చున్నారు. ఇసాకో ఉతికిన తెల్లచొక్కా వేసుకుని అందరికన్నా వెనకాల కూర్చున్నాడు.

లోపలివాళ్ళు చూసినా ఎవరూ బయటికి రాలేదు. అదీ పద్ధతే. చాప ఎత్తితే క్షమించినట్టు. ఎత్తకపోతే అక్కడే కూర్చోవాలి. ఏం జరిగినా సరే, రాయి పడినా సరే.

ఆకాశం తెల్లబడుతుండగా తనియేలు మెట్లు దిగాడు. చేతిలో కొబ్బరికాయలు కొట్టే కత్తి. వెనక అతని తమ్ముళ్ళు, వాళ్ళ చేతుల్లో రాళ్ళు. నడిపింది సెము అని రాత్రే లేఫాగా పాదిరిగారికి మనిషిని పంపి, ఆయన ద్వారా వాళ్ళకు కబురు చేయించాడు. తనియేలు ముసలాయనను దాటి వచ్చి, చాప కింద రెండో ఒంపు ముందు నిలబడ్డాడు. దాని కింద సెము వీపు ఎగిరెగిరి పడటం మటలేనాకు కనిపిస్తోంది.

"నా భార్య ఎంతసేపు పడుంది రోడ్డు మీద?" అన్నాడు తనియేలు. జవాబు కోసం కాదు. అక్కడ జవాబివ్వడానికి ఎవరికీ నోరు లేదు. "కుక్కను గుద్దినా దిగి చూస్తారు కదరా."

కత్తి పైకి లేచింది.

అప్పుడు మటలేనా గొంతులోకి అన్నీ వచ్చి పడ్డాయి. తాతది, అమ్మమ్మది, మావయ్యది, అత్తది, బావలిద్దరివీ, అమ్మది, నాన్నది. ఏది కావాలంటే అది. తాత గొంతుతో ఒక్క మాటంటే చాలు, ఊళ్ళు ఊళ్ళే నమ్ముతాయి. మావయ్య గొంతుతో 'నేనే నడిపాను' అంటే మావయ్యే ఒప్పుకున్నట్టు. పిల్లకు అవన్నీ తట్టాయి. తాత గొంతు పెదాల దాకా వచ్చింది కూడా. కానీ అది తాత మాట కాదు. మావయ్య మాటా కాదు. ఆ ఎనిమిదిమందీ కూడబలుక్కుని చెప్పకూడదనుకున్న మాటను వాళ్ళ గొంతుల్లో పెట్టి ఎలా చెబుతుంది? దొంగతనంలా అనిపించింది. ఒక్కొక్కటీ మింగేసింది. అన్నీ మింగేశాక గొంతులో ఏమీ మిగల్లేదు. ఆ ఏమీ లేని గొంతుతోనే నోరు తెరిచింది.

మొదట నొప్పి వచ్చింది, చిగురు చీల్చుకుని పన్ను వచ్చేటప్పటి నొప్పి. తర్వాత మాట వచ్చింది.

"మా నాన్న కాదు."

సన్నటి గొంతు. మధ్యలో చిరిగి, వణుకుతూ. అది ఎవరిదో లేఫాగా ఇంటివాళ్ళెవరికీ తెలియలేదు. లూపే తల తిప్పి, పక్కన తన కూతురు నోరు తెరుచుకుని ఉండటం చూసింది.

కత్తి గాల్లోనే ఆగింది. "ఎవరా పిల్ల?"

వంచిన తలలు ఎవరూ ఎత్తలేదు. మటలేనాయే లేచి నిలబడింది. "నేను మటలేనాను. మా నాన్న ఇంట్లో ఉన్నాడు నిన్న. బండి నడిపింది ఇసాకో మావయ్య. నేను వెనక కొబ్బరికాయల మీద కూర్చున్నా."

అక్కడితో ఆపుదామనుకుంది. తండ్రి వరకు చాలనుకుంది. కానీ పదేళ్ళు లోపల పడున్న గొంతు, ఎక్కడ ఆగాలో దానికి ఎవరు నేర్పారు? "మావయ్య దిగి చూశాడు. ఆవిడ చెయ్యి ఇలా తెరిచింది, మూసింది. బతికే ఉంది. మావయ్య మళ్ళీ బండెక్కేశాడు."

తనియేలు చేతిలోంచి కత్తి జారి రాళ్ళ మీద పడింది. అతను ఆ పక్కనే కూలబడ్డాడు. "బతికే ఉందా," అన్నాడు. మళ్ళీ అన్నాడు. మళ్ళీ మళ్ళీ అంటూనే ఉన్నాడు. ఆ మాట చెప్పకుండా ఉండాల్సిందని మటలేనాకు అప్పుడు తెలిసింది. లోపలి నించి ఎసెతా చిన్నకూతురు నిద్రలేచి ఏడవడం వినిపించింది.

చాలాసేపటికి తనియేలు లేచాడు. వంగి, సెము మీద ఉన్నంత మేర చాప ఎత్తాడు. సెము ముఖం చూశాడు. "నీ మీద నాకు పగ లేదు. లే, పో," అన్నాడు. ఎత్తిన చాపను మడిచి, రెండు మడతలూ ముసలి లేఫాగా తల మీదే వేశాడు. "అబద్ధాన్ని చాప కింద పెట్టి నా గుమ్మం ముందుకు తెచ్చావు. తీసుకుపో."

ఆ దీవిలో అంతకన్నా పెద్ద అవమానం లేదు. ముసలాయన ఆ చాప నెత్తిన వేసుకునే, నాలుగు మైళ్ళూ నడిచి ఇంటికి వచ్చాడు. ఎవరో చెయ్యి అందించబోతే విదిలించుకున్నాడు. ఇసాకో పారిపోలేదు, పారిపోవడానికి కాళ్ళు ఆడలేదు. మధ్యాహ్నానికి పోలీసులు వచ్చి తీసుకుపోయారు. పట్టం ముసలాయన తమ్ముడి పెద్దకొడుక్కి అని పంచాయతీ తేల్చేసింది. పెద్దలు కూడి కావా తాగే చోట లేఫాగా కూర్చునే స్తంభం దగ్గర ఆ వారం ఎవరూ కూర్చోలేదు, ఆయన్నూ కూర్చోమనలేదు.

మూడోరోజు ముసలాయన అల్లుణ్ణి పిలిచాడు. "నీ కూతురు తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టింది. దాన్ని తీసుకుని మీ దీవికి పో."

"లూపే?" అన్నాడు సెము. ఈసారి సగం గొంతు కాదు, పూర్తి గొంతే.

"వస్తానంటే నేను ఆపను. కానీ మళ్ళీ ఈ స్తంభాల మధ్య అడుగు పెట్టకూడదు. తల్లి కళ్ళు మూయడానికైనా సరే."

తూలీ అప్పటికే మంచం పట్టింది. సెలా పిల్లలను తీసుకుని పుట్టింటికి పోయింది. ఆ ఇంట్లో ముసలివాళ్ళకు గంజి కాచి పోసేవాళ్ళు ఇంకెవరూ లేరు. లూపే రాత్రంతా కూర్చుని మొగుడి బట్టలూ కూతురి బట్టలూ మడిచింది. తనవి మడవలేదు. సెము అడగలేదు. అడిగితే ఏం చెబుతుందో ఇద్దరికీ తెలుసు.

తెల్లారి లేచిన దగ్గర్నించీ లూపే నోరు విప్పలేదు. కూతురికి తల దువ్వింది, జడ వేసింది, దుంపలు ఆకులో చుట్టి సంచిలో పెట్టింది. సెము ఏదో అడిగితే తల ఊపింది. ఇంటి మూల నించి ముసలమ్మ దాహమని పిలిస్తే నీళ్ళు తీసుకెళ్ళి తాగించింది, పలకలేదు. అమ్మకు నా మీద కోపమనుకుంది మటలేనా. కోపం ఉంటుంది కదా. మాట్లాడితే ఎక్కడ ఏడుస్తానోనని తనూ మాట్లాడలేదు.

రేవుకు వెళ్ళే బస్సు పాటలు మోగించుకుంటూ వచ్చి ఆగింది. సెము సంచులు ఎక్కించాడు. లూపే భుజం మీద ఒక్క క్షణం చెయ్యి వేసి తీసేశాడు. మటలేనా కిటికీ పక్కన కూర్చుంది.

"నువ్వెక్కవా లూపే?" అని అరిచాడు డ్రైవరు.

లూపే తల అడ్డంగా ఊపింది. పెదాలు బిగపట్టి, తన గొంతు మీద చెయ్యి వేసుకుని, ఆ చేత్తోనే కిటికీలోని కూతుర్ని చూపించింది.

అప్పుడు అర్థమైంది పిల్లకు. కోపం కాదు. పొద్దున్నించీ అమ్మ గొంతు దాచిపెడుతోంది, తనతో పంపించడానికి. ఆ సన్నటి కొత్త గొంతు తెలియనివాళ్ళ మధ్య ఎన్నాళ్ళు నిలుస్తుందో ఏమోనని, ఆగిపోతే తనదైనా ఉంటుందని. ఇక జీవితంలో నోరు విప్పకూడదని తీర్మానించుకుంది పిచ్చితల్లి.

మటలేనా గొంతు సవరించుకుని చూసింది. ఒక్కసారికి, పోయే ముందు ఒక్కసారికైనా అమ్మ గొంతు పట్టుకుందామని. అమ్మ నోరు మూసుకునే ఉంది, అయినా రాలేదు. తనది వచ్చాక ఇంకెవరిదీ రాదు.

బస్సు కదిలింది. మటలేనా కిటికీలోంచి నడుం దాకా బయటికి వంగింది. "అమ్మా! మాట్లాడమ్మా! నాది నాకుంది! నీది నువ్వే ఉంచుకోవే, మాట్లాడు!"

మూడు రోజుల గొంతు. పెద్దగా అరవడం దానికి ఇంకా రాదు. బస్సులో పాట హోరు, ఇంజను రొద. సెము పక్కనుండి విన్నాడు, విని ముఖం అటు తిప్పుకున్నాడు. రోడ్డు పక్కన లూపేకు కూతురి నోరు కదలడం మాత్రమే కనిపించింది. పిల్ల మాట్లాడుతోంది, తన గొంతు దానికి చేరినట్టే ఉంది అనుకుంది. చెయ్యి ఊపుతూ, పెదాలు గట్టిగా బిగించుకునే నవ్వింది.